రోజూ బండిలో రక్తం ఆపే కిట్ పెట్టుకోని తిరిగేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? తిరుపతి–చిత్తూరు రోడ్డు

చంద్రగిరి రైడర్:

అన్నలూ అక్కలూ, ఒక విషయం అడగాల. నేను రోజూ తిరుపతి నుంచి చిత్తూరికి బైక్ మీద పోయి వస్తా, పోను రాను కలిపి 140 కిలోమీటర్ల దాకా అవుతుంది. పోయిన నెల సాయంత్రం తిరిగొస్తా ఉంటే పనపాకం దాటినాక నా ముందర పోతున్న బండాయన లారీ పక్కన రేకుకి తగులుకోని పడిపోయినాడు. పిక్క అడ్డంగా తెగిపోయింది. రక్తం కారడం కాదు, ఆగి ఆగి చిమ్మతా ఉంది, తారు రోడ్డు మీద పడినచోట నురగ కట్టింది, ఆ రంగు ఇంకా కళ్ళ ముందరే ఉంది. నా దగ్గర ఏముంది, దుమ్ముకి మొహానికి కట్టుకునే తుండుగుడ్డ ఒకటి. దాన్ని చుట్టి ముడేస్తే రెండు నిమిషాలు కూడా కాలేదు, మొత్తం నానిపోయి ముడి నుంచే కారతా ఉంది. అప్పుడు లారీ డ్రైవర్ దిగొచ్చి నన్ను పక్కకి జరగమని, ఆ గుడ్డనే ముద్ద చేసి గాయం మీద పెట్టి తన మోకాలు ఆనించి బరువంతా వేసేసినాడు. 108 వచ్చేదాకా లేవలా. ఆయన బతికినాడు, తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నా.

ఆరోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు. ఆ డ్రైవర్ లేకపోతే నేను ముడి చూసుకుంటా కూర్చోనుంటే ఏమయ్యుండేది అని. అందుకని చిన్న కిట్ ఒకటి రోజూ నాతోనే ఉండేట్టు పెట్టుకోవాలనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో చూస్తే టోర్నికెట్, అదే రక్తం ఆగేదానికి చేతికో కాలికో బిగించే పట్టీ, 350 నుంచి మొదలయ్యి వేలల్లో ఉంది, ఏది కొనాలో తెలీడంలా. ట్యాంక్ బ్యాగ్‌లో పెట్టాల్నా, నడుముకి పెట్టుకోవాల్నా? ఇంట్లో ఆమె ఏమో రోజూ పొద్దున్నే రక్తం గుడ్డలు పెట్టుకోని బయల్దేరేది ఏంది, అపశకునం అంటా ఉంది. ఇంకోటి, ఇట్లా ముట్టుకుంటే రేపు పోలీసులు మనల్ని తిప్పుతారా?

పాత 108:

తమ్ముడూ, నేను 108లో ఈఎంటీగా, అంటే అంబులెన్స్‌లో ప్రథమ చికిత్స చేసేవాడిగా, చాన్నాళ్ళు చేసినా, బాకరాపేట ఘాట్ వైపు, మొగిలి ఘాట్ వైపు రెండు చోట్లా పన్జేసినా. ముందు నీకు ఒకటి చెప్పాల, నువ్వు చేసింది తప్పు కాదు, అందరూ అదే చేస్తారు. చుట్టడం వేరు, ఒత్తడం వేరు. పైన ఎన్ని చుట్లు చుట్టినా గాయం లోపల తెగిన రక్తనాళం మీద బరువు పడకపోతే రక్తం ఆగదు. ఆ డ్రైవర్ చేసిందే అసలైన వైద్యం. పెద్ద మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, తొడలో ఉండే పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, అంబులెన్స్ ఎంత ఫాస్ట్‌గా వచ్చినా ఆ నిమిషాలు పక్కనున్నోళ్ళవే. అమెరికాలో 2015లో స్టాప్ ది బ్లీడ్ అని మొదలుపెట్టింది కూడా ఇందుకే, డాక్టర్లకి కాదు మామూలు జనాలకి నేర్పించేదానికి.

కిట్ విషయానికొస్తే, నువ్వు ముందు టోర్నికెట్ గురించి అడిగినావు, నేనైతే ముందు గాజ్ రోల్, అదే గాయానికి పెట్టే పల్చటి గుడ్డ చుట్ట, కొనమంటా. మెడికల్ షాపులో దొరికే గాజ్ రోల్స్ రెండు, 6 అంగుళాల క్రేప్ బ్యాండేజ్ ఒకటి, నైట్రైల్ గ్లౌజులు రెండు జతలు, ప్యాంటు కోసేంత గట్టి కత్తెర, ఒక మార్కర్ పెన్ను. ఇంతే చాలా పని చేస్తాయి. లోతుగా తెగిన గాయం అయితే గాజ్ పైన పెట్టడం కాదు, వేలితో రక్తం ఎక్కడి నుంచి వస్తా ఉందో అక్కడిదాకా కూరాల, గుంత నిండేదాకా కూరి, రెండు చేతులూ పెట్టి మోచేతులు వంచకుండా బరువంతా వేసి ఒత్తాల. మామూలు గాజ్ అయితే కనీసం 10 నిమిషాలు. మధ్యలో ఆగిందా లేదా అని ఎత్తి చూడొద్దు, అందరూ చేసే తప్పు అదే, ఎత్తితే గడ్డకట్టింది ఊడొస్తుంది. తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టి ఇంకా గట్టిగా ఒత్తాల. కేవోలిన్ గానీ కైటోసాన్ గానీ ఉండే గాజ్ కూడా ఉంది, తొందరగా గడ్డ కట్టిస్తుంది, క్విక్‌క్లాట్, సెలాక్స్ అని పేర్లు, రేటు ఎక్కువ, డబ్బులుంటే తీసుకో, లేకపోతే మామూలుదే. ఇదంతా చేతులు, కాళ్ళు, చంక, గజ్జల కాడ. ఛాతీలో, పొట్టలో కూరకూడదు, గుర్తు పెట్టుకో.

టోర్నికెట్ చేతికి కాలికి మాత్రమే. గాయానికి పైన రెండు మూడు అంగుళాలు వదిలి కట్టాల, మోకాలు మీద మోచేయి మీద కట్టకూడదు, గాయం ఎక్కడుందో తెలీకపోతే ఎంత పైకి వీలైతే అంత పైకి. పట్టీ ముందు చేత్తో లాగి బిగించి, తర్వాత దానికుండే కడ్డీ తిప్పతా పోవాల, రక్తం ఆగేదాకా. ఆ మనిషి కేకలు పెడతాడు, చాలా నొప్పి పుడుతుంది, అది చూసి వదులు చెయ్యొద్దు. సగం బిగిస్తే ఇంకా ప్రమాదం, లోపలికి పోయే రక్తం పోతానే ఉంటుంది, వెనక్కి వచ్చేది ఆగిపోతుంది, కారేది ఎక్కువవుతుంది. బెల్టు పెట్టి కట్టినోళ్ళని చాలామందిని చూసినా, చేత్తో ఎంత లాగినా అంత బిగువు రాదు. కట్టిన టైము నుదుటి మీదో పట్టీ మీదో రాసేయ్. పావుగంటకోసారి వదులు చెయ్యాలని పాత పుస్తకాల్లో ఉండేది, అది ఇప్పుడు లేదు, కట్టినాక తీసేది ఆస్పత్రిలో డాక్టరే. రెండు గంటల లోపల తీస్తే కాలు పోయే భయం మామూలుగా ఉండదు, మన రోడ్డు మీద ఎక్కడి నుంచైనా తిరుపతిలో రుయా ఆస్పత్రికో స్విమ్స్‌కో చిత్తూరు పెద్దాస్పత్రికో అంతలోపల చేరుకోవచ్చు.

350 రూపాయల దాని జోలికి పోవద్దు. క్యాట్ అనే పేరుతో వచ్చే టోర్నికెట్ అసలుది అమెరికాలోనే 30 డాలర్ల దాకా ఉంటుంది, అదే అచ్చు, అదే అక్షరాలతో నకిలీవి కుప్పలు కుప్పలుగా వస్తా ఉన్నాయి, కడ్డీ మూడో తిప్పుకే వంగిపోతుంది, నా కళ్ళతో చూసినా. దానికన్నా నిజంగా చెప్తా ఉండా, గాజ్ మంచిది.

గ్రానైట్ షెడ్ సూపర్‌వైజర్:

మా కథ చెప్పాల్సిందే. చిత్తూరు పక్కన నేను అంతకుముందు పనిచేసిన ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉండేది, గోడకి తగిలించి, ఎర్ర ప్లస్ గుర్తుతో. తాళం వేసి ఉండేది. ఎందుకంటే లోపలి బ్యాండేజీలు ఎవరో ఇంటికి తీసకపోతా ఉన్నారంట. ఒకరోజు మధ్యాహ్నం కటింగ్ మిషన్ కాడ పిల్లోడికి ముంజేయి తెగింది, తాళంచెవి స్టోర్ ఆయన దగ్గర, ఆయన భోజనానికి ఇంటికి పోయినాడు. సుత్తి తెచ్చి తాళం పగలగొట్టి తెరిస్తే ఏముంది లోపల, ఎండిపోయిన టించర్ సీసా, చిన్న చిన్న బ్యాండ్ ఎయిడ్లు, దూది. దూది పెడితే అది రక్తానికి అంటుకోని ముద్దలు ముద్దలుగా ఊడొస్తా ఉంది. ఆ పిల్లోడికి చెయ్యి నిలబడింది గానీ రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు.

అందుకని నేను చెప్పేది ఒకటే, రైడర్ బ్రో, ట్యాంక్ బ్యాగ్‌లో వద్దు. బండి పల్టీ కొడితే బ్యాగ్ యాడికి పోతుందో, పడింది నువ్వే అయితే? ఒంటి మీదే ఉండాల. నేను ప్యాంటు జేబులో గాజ్, గ్లౌజులు, నడుం పౌచ్‌లో టోర్నికెట్ పెట్టుకుంటా, రెండు చేతుల్లో ఏ చేత్తో అయినా తీసుకునేట్టు మధ్యలో. ప్లాస్టిక్ కవర్ ముందే చించి పెట్టుకోండి, రక్తం చేతులతో ఆ కవర్ చింపలేరు. మన ఎండలకి ట్యాంక్ మీద పెడితే ప్లాస్టిక్ కడ్డీ కూడా పాడయిపోతుంది, అది వేరే.

క్యాజువాలిటీ సిస్టర్:

పైన 108 అన్న చెప్పింది అంతా కరెక్ట్. నేను తిరుపతిలో స్టాఫ్ నర్సుని, మా దగ్గరికి వచ్చినప్పుడు చూసేవి నాలుగు మాటలు చెప్తాను. కడుపులోనో తొడలోనో కడ్డీ గుచ్చుకోని ఉంటే దయచేసి పీకొద్దు, అది అడ్డం ఉండబట్టే రక్తం ఆగి ఉంటుంది, కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి అట్లనే తీసుకురండి. గాయంలో పసుపు, కాఫీ పొడి వెయ్యొద్దు, ఇది చదువుకున్నోళ్ళు కూడా చేస్తున్నారు, మేము అదంతా కడిగేసరికి టైము పోతుంది. నోట్లో నీళ్ళు పోయొద్దు. రక్తం పోయిన మనిషికి ఒళ్ళు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గిపోతుంది, ఎండాకాలమైనా సరే, దుప్పటో చీరో కప్పండి, వెండిరంగు రేకు దుప్పటి అరచేతిలో పట్టేంత మడత వస్తుంది, కిట్‌లో పెట్టుకోవచ్చు.

పలమనేరు రైతుబిడ్డ:

సిస్టర్ గారూ, మా చేలల్లో పాములు ఎక్కువ. పాము కరిస్తే కూడా ఈ టోర్నికెట్ కట్టొచ్చా? మా నాయన ఎప్పుడూ తాడు కట్టమనే చెప్తాడు.

క్యాజువాలిటీ సిస్టర్:

వద్దు వద్దు, అస్సలు వద్దు. ఇది అడిగినందుకు మంచిదైంది. పాము కాటుకి తాడు, టోర్నికెట్ ఏదీ కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. విషం ఒకేచోట నిలిచి అక్కడి కండ కుళ్ళిపోతుంది, ఆస్పత్రిలో విప్పేసరికి ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. ఉంగరాలు, కాళ్ళ పట్టీలు తీసేసి, కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా పెద్దాస్పత్రికి తీసుకుపోండి. విరుగుడు ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ కలిపే ఉంటుంది, పాముని పట్టుకురావాల్సిన పని లేదు. మీ నాయనకి ఈ మాట నా పేరు మీద చెప్పండి.

పుత్తూరు వకీలు:

పోలీసుల మాట అడిగారు కాబట్టి. ఆ భయం పాతది. సుప్రీంకోర్టు 2016 మార్చి 30న సహాయం చేసినవాళ్ళని వేధించకూడదని ఇచ్చిన మార్గదర్శకాలు అమలు చెయ్యాల్సిందే అంది, 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినప్పుడు ఏదన్నా జరిగినా మీ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టకూడదు. పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు, ఆస్పత్రిలో కూర్చోబెట్టకూడదు, డబ్బు కట్టమనకూడదు. ముందు వైద్యం తర్వాతే కాగితాలు అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదం జరిగినవాళ్ళకి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే పథకం కూడా ఉంది, గుర్తించిన ఆస్పత్రుల్లో. ఈ ముక్క ఆస్పత్రి కౌంటర్ దగ్గర మీరే గుర్తు చెయ్యండి. నేషనల్ హైవే మీద అయితే 108తో పాటు 1033కి కూడా చెయ్యొచ్చు.

చంద్రగిరి రైడర్:

అందరికీ చేతులెత్తి దండం. ఇట్లా చేసినా: నడుం పౌచ్‌లో గాజ్ రెండు, క్రేప్ ఒకటి, గ్లౌజులు, కత్తెర, మార్కర్, రేకు దుప్పటి. టోర్నికెట్‌కి డబ్బులు కూడబెట్టి ఒరిజినలే తెప్పించినా, రెండు. ఒకటి ప్రాక్టీసుకి. 108 అన్నా, ప్రాక్టీసుది పౌచ్‌లో పెట్టుకోవచ్చా?

పాత 108:

వద్దు. తిప్పి తిప్పి పట్టీ, కడ్డీ అరిగిపోయి ఉంటాయి. దాని మీద ప్రాక్టీసు అని పెద్దగా రాసి ఇంట్లోనే పెట్టు. నీ కాలికి నువ్వే ఒక చేత్తో కట్టుకోని చూడు, చీకట్లో కూడా. రెడ్ క్రాస్ వాళ్ళు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇస్తారు, కుదిరినప్పుడు పోయి రా, కూరేది మాత్రం చదివితే రాదు, చేత్తో చెయ్యాల.

చంద్రగిరి రైడర్:

నిన్న రాత్రి కట్టి చూసినా అన్నా. ఫస్ట్ సారి నిమిషంన్నర పట్టింది, పట్టీ మెలిపడింది. ఐదోసారికి 35 సెకన్లు. మా ఆమె చూస్తా కూర్చోని, ఏదీ ఇటియ్యి అని తీసుకోని నా చేతికి కట్టింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి నాకు, అంత నొప్పి. గాజ్ కూరేది కూడా పాత దిండులో కన్నం చేసి ఇద్దరం చేసినాము. పొద్దున పౌచ్ నేను మర్చిపోయి గేటు దాకా పోతే తనే తెచ్చిచ్చింది, తన స్కూటీ డిక్కీలోకి కూడా ఒకటి కట్టియ్యమంది. రేపు చిత్తూరు నుంచి వస్తా గాజ్, క్రేప్ ఇంకో సెట్టు తెస్తా.