రేటు చీటీల బదులు డిజిటల్ ట్యాగులు: వాడినవాళ్లు చెప్పండి

తెనాలి_మార్ట్: మాది చిన్న సూపర్‌మార్కెట్. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ముందురోజు రాత్రి రెండింటిదాకా నేనూ మా ఆవిడా చీటీలు ప్రింట్ తీసి కత్తిరిస్తూనే కూర్చున్నాం. చీటీల బదులు అరలకి తగిలించే చిన్న తెరలు, అదే వైర్‌లెస్ ట్యాగులు పెడదామంటే ఖర్చు చూసి టెన్షన్ వస్తోంది. ఎవరైనా వాడుతున్నారా?

కూకట్‌పల్లి_స్టోర్స్: రెండేళ్లయిందండీ పెట్టి. లోపల ఉండేది ఈ-పేపర్, ఈ-పుస్తకాలు చదివే కిండిల్ తెరలాంటిది. రేటు మార్చేటప్పుడే కరెంటు కావాలి, అందుకే బిళ్ల బ్యాటరీతో ఏళ్ల తరబడి నడుస్తుంది. మారేటప్పుడు నలుపూ తెలుపూ నాలుగైదుసార్లు మినుకుమంటుంది. ఎరుపు కూడా ఉన్నదైతే ఇంకాస్త ఆలస్యం.

చిక్కల్లా ఏంటంటే, బ్యాటరీ అయిపోయినా పాత రేటు తెర మీద అలాగే ఉండిపోతుంది. ఖాళీ అయినా బాగుండేది, తెలిసేది! మా కందిపప్పు ట్యాగు మూడు వారాలు పాత రేటే చూపించింది. ఒకాయన దాన్ని ఫోన్లో ఫొటో తీసి కౌంటర్‌కి తెచ్చాడు. ఏం చేస్తాం, ఆ రేటుకే ఇచ్చాం. ఇప్పుడు షట్టర్ ఎత్తగానే కంప్యూటర్‌కి జవాబివ్వని ట్యాగుల లిస్టు చూడటమే మొదటి పని.

డాలస్_బాబాయ్: ఇక్కడ అమెరికాలో మా పక్క ఊరు గ్రేప్‌వైన్‌లోని వాల్‌మార్ట్ సూపర్‌మార్కెట్‌లో ఈ ట్యాగులు ముందు పెట్టి చూశారు. 2026 కల్లా 2,300 స్టోర్లకు పెడతామని 2024 జూన్‌లో చెప్పారు. రెండు రోజుల రేట్ల పని నిమిషాల్లో అయిపోతుందట. జనానికి మాత్రం ఎండ ముదిరితే ఐస్‌క్రీమ్ రేటు పెంచేస్తారేమోనని అనుమానం.

తెనాలి_మార్ట్: మనకా బెంగ లేదు బాబాయ్. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉందిగా, దాటి అమ్మలేం.

కూకట్‌పల్లి_స్టోర్స్: ఐస్‌క్రీమ్ అంటే గుర్తొచ్చింది, ఫ్రీజర్‌లో మామూలు ట్యాగు పెట్టకండి. చలికి సరిగ్గా మారదు. దానికి వేరే రకం వస్తుంది.

తెనాలి_మార్ట్: పోనీ, రోజూ రేటు మారే లూజు బియ్యం, పప్పులకే పెడితే?

కూకట్‌పల్లి_స్టోర్స్: అదే మంచిది. ఒక్కో ట్యాగునూ సరుకు బార్‌కోడ్‌తో స్కాన్ చేసి జత చేయాలి. మా కుర్రాడు తొందరలో మినప్పప్పు ట్యాగుకి పెసరపప్పు తగిలించాడు. ఇంకోటి, ట్యాగుకి రేటు వెళ్లేది మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే. అందులో సరుకుల పేర్లు శుభ్రంగా ఉన్నాయా?

తెనాలి_మార్ట్: ఇప్పుడే చూశా. కందిపప్పే నాలుగు పేర్లతో ఉంది, నాలుగు రేట్లు. ముందు ఆ పని చూసుకుని వస్తానండీ.