‘అన్‌సేన్’: ఆమెకు పిచ్చి లేదని సగంలోనే చెప్పేయడం తప్పా?

(ఒక సినిమా మీద కొందరి చర్చ ఇది. ప్రతి వ్యాఖ్య పైన ఉన్నది రాసినవారు పెట్టుకున్న పేరు.)

రెండో ఆట

మాట సూటిగానే చెబుతున్నాను. స్టీవెన్ సోడర్‌బర్గ్ 2018లో తీసిన ‘అన్‌సేన్’ సగం వరకు గొప్ప సినిమా, అక్కడి నుంచి మామూలు సినిమా.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. డేవిడ్ అనేవాడు వెంటాడుతుంటే తట్టుకోలేక సాయర్ బోస్టన్ వదిలి పెన్సిల్వేనియాలో ఉద్యోగం చూసుకుంటుంది. ఊరు మారినా భయం పోదు. ఒక మానసిక చికిత్సా కేంద్రంలో కౌన్సెలర్‌తో మాట్లాడుతూ, చనిపోవాలన్న ఆలోచన వచ్చిన మాట నిజమేనని ఒప్పుకుంటుంది. మామూలు ఫారాలేనంటూ ఇచ్చిన కాగితాల మీద సంతకం పెడుతుంది. అవి ఆసుపత్రిలో చేరడానికి ఇచ్చే అంగీకార పత్రాలు! ఒక్క రోజు అన్నది వారం అవుతుంది. అక్కడ మందులు పంచే ఉద్యోగి డేవిడేనని ఆమె అరుస్తుంది. ఎవరూ నమ్మరు.

ఇక్కడి దాకా ఊపిరి బిగబట్టి చూశాను. వాడు నిజమా, ఆమె భ్రమా అన్న అనుమానమే ఈ తరహా కథకు ప్రాణం. దాన్ని దర్శకుడు తొందరపడి తేల్చేశాడు. ఆ తర్వాత మిగిలింది పోట్లు, పరుగులు. పైగా, ఏ ఆసుపత్రికి వెళ్తుందో ఆమెకే ముందుగా తెలియనప్పుడు, వాడు దొంగ పేరుతో సరిగ్గా అక్కడే ఉద్యోగం ఎలా సంపాదించాడు? దీనికి సినిమాలో సమాధానం లేదు.

గోదావరి గట్టు

మీరు ప్రాణం అంటున్నదే నాకు ఈ తరహా సినిమాల్లో ఏళ్ల తరబడి మింగుడుపడని విషయం. ఒక ఆడమనిషి ‘వాడు నన్ను వెంటాడుతున్నాడు’ అంటే, అది నిజమో కాదో ఊహించే ఆటలో మనల్ని కూర్చోబెడతారు. చివరి నిమిషం దాకా ఆమెను అనుమానిస్తూనే ఉంటాం. అంటే ఆ ఆసుపత్రి సిబ్బంది చేసిన పనే మనమూ చేస్తాం, దానికి టికెట్ కూడా కొంటాం. సోడర్‌బర్గ్ ఆ ఆట మధ్యలో ఆపేశాడు. నా దృష్టిలో సినిమాకు బలం అదే.

పోలీసులు వచ్చే దృశ్యం గుర్తు చేసుకోండి. సాయర్ ఎలాగో ఫోను చేసి పిలిపిస్తుంది. వాళ్లు వస్తారు కూడా. రిసెప్షన్ బల్ల దగ్గర సంతకం ఉన్న కాగితం చూపిస్తే, చూసి వెళ్లిపోతారు. అక్కడ ఎవరూ ఆమె మీద పగబట్టలేదు. వాళ్లు మర్యాదగానే వచ్చారు, మర్యాదగానే వెళ్లారు. ఆమె సంతకం ఆమె నోటిని మూసేసింది. ఈ భయానికి డేవిడ్ నిజమా కాదా అన్న ప్రశ్నతో పనే లేదు.

తర్వాత సాయర్ తల్లి ఆ ఊరికి వస్తుంది. ఆమె దిగిన గదికి మరమ్మతు పనివాడి వేషంలో డేవిడ్ వస్తాడు. ఆ క్షణం నుంచి మనకు నిజం తెలుసు, లోపలున్న వాళ్లకు తెలియదు. నాకైతే భయం అక్కడే పెరిగింది.

ఉద్యోగం ఎలా దొరికిందన్న మీ ప్రశ్నకు మాత్రం నా దగ్గరా జవాబు లేదు. అది కథలో లోపమే.

కెమెరా కన్ను

ఇద్దరూ కథ గురించే మాట్లాడుతున్నారు. ఈ సినిమాను ఐఫోన్ 7 ప్లస్‌తో తీశారన్నది పక్కన పెట్టి ఈ చర్చ చేయలేం. ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిల్లర. ఛాయాగ్రహణం పీటర్ ఆండ్రూస్, కూర్పు మేరీ ఆన్ బెర్నార్డ్ అని పడుతుంది. రెండూ సోడర్‌బర్గ్ మారుపేర్లే. ఆస్కార్ అందుకున్న దర్శకుడికి డబ్బు దొరక్క ఇలా తీశాడని నేను అనుకోను.

సాయర్‌గా వేసిన క్లెయిర్ ఫోయ్ ముఖానికి ఫోను ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. ముక్కు, నుదురు కొద్దిగా ఉబ్బినట్టు కనిపిస్తాయి. వెనక గోడ, తలుపు, నడవా అన్నీ ముఖంతో సమానంగా స్పష్టంగా ఉంటాయి. మామూలు సినిమా కెమెరాలో వెనకభాగం మసకబారి, ఎవరిని చూడాలో మనకు చెబుతుంది. ఇక్కడ ఆ సాయం లేదు. ప్రతి మూలా వెతుక్కోవాలి, ఆమె వెతుక్కుంటున్నట్టే. కొన్ని దృశ్యాల్లో కెమెరా ఏ బల్ల కిందో, పొద చాటునో దాక్కున్నట్టు ఉంటుంది. అప్పుడు చూస్తున్నది మనమా, డేవిడా?

హాలీవుడ్ నటుడు మ్యాట్ డేమన్ కాసేపు కనిపించే పాత జ్ఞాపకాల దృశ్యం ఒకటుంది. భద్రత గురించి సలహాలిచ్చే పోలీసు అధికారి పాత్ర అది. ఫోనును శత్రువుగా చూడమని సాయర్‌కు చెబుతాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమెను చిత్రిస్తున్నది ఫోనే.

వార్డు నర్సు

మానసిక వైద్యశాల వార్డులో పనిచేసినదాన్ని. ఈ సినిమా నాకు బాధ కలిగించింది. మంచానికి కట్టేయడం, దాచిన ఆయుధంతో బెదిరించే పక్క మంచం రోగి, పట్టించుకోని డాక్టరు... చికిత్స కోసం తలుపు దాకా వచ్చిన అమ్మాయి ఇది చూసి వెనక్కి తిరిగితే? ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే సమాజం మనది. ఇప్పటికే రావలసిన వాళ్లలో చాలామంది రావడం లేదు.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఇష్టపడి చేరిన పెద్దవాళ్లు వెళ్తామంటే పంపించాలి. పరిస్థితిని అంచనా వేయడానికి కొన్ని సందర్భాల్లో 24 గంటలు ఆపవచ్చు. అంతకుమించి ఉంచాలంటే వేరే విధానం ఉంది, దాన్ని సమీక్షించే బోర్డు ఉంది. అన్నిచోట్లా ఇవి సవ్యంగా అమలవుతున్నాయని అనను. కానీ హక్కు ఉందని జనానికి తెలియాలి.

ఒక్క విషయంలో సినిమాకు దండం పెడతాను. బీమా డబ్బు వస్తున్నన్నాళ్లు మంచం ఖాళీ చేయనివ్వరని నేట్ అనే తోటి రోగి సాయర్‌కు చెబుతాడు. అతను రహస్యంగా లోపలికి వచ్చిన విలేకరి అని తర్వాత తెలుస్తుంది. ఆ భాగం ఇంకాస్త ఉండవలసింది.

లా చదువుతున్న అమ్మాయి

భ్రమా, నిజమా అన్న చర్చకు చట్టం వైపు నుంచి ఒక మాట. స్త్రీ వద్దని స్పష్టం చేసినా పదేపదే వెంటపడటం, సంప్రదించడానికి ప్రయత్నించడం, ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం నేరమని 2013లో భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్ చేర్చారు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరానికి మూడేళ్ల వరకు శిక్ష, కానీ బెయిలు దొరుకుతుంది.

ఈ నేరం స్వభావమే వేరు. బస్టాప్‌లో నిలబడ్డాడు, సందేశం పెట్టాడు, పూలు పంపాడు: విడివిడిగా చూస్తే ఏదీ నేరంలా ఉండదు. అన్నీ వరుసగా చెప్పుకొస్తేనే నేరం బయటపడుతుంది. అలా చెప్పుకొచ్చేటప్పటికి వినేవాళ్లకు ఆమె అతిగా ఊహించుకుంటున్నట్టు అనిపిస్తుంది. సాయర్ కష్టం సరిగ్గా ఇదే. అందుకే నా ఓటు గోదావరి గట్టు గారికి.

రెండో ఆట

చట్టం గురించి చెప్పింది నా మనసుకు పట్టింది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. ప్రేక్షకుడు ఆమెను అనుమానించి, ఆ తర్వాత సిగ్గుపడితే దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది. అనుమానించే అవకాశమే తీసేస్తే మనం హాయిగా ఆమె పక్షాన కూర్చుంటాం. మన తప్పేమీ లేదన్న భావనతో ఇంటికి వెళ్తాం.

గోదావరి గట్టు

హాయిగా కూర్చోనివ్వలేదు కదండీ! మెత్తలు కొట్టిన ఏకాంత గదిలో డేవిడ్‌తో సాయర్ మాట్లాడే దృశ్యం చూడండి. ఆమె వాడి ప్రేమ కథను ముక్కముక్కలుగా విడగొట్టి ముఖాన కొడుతుంది. బయటపడటానికి వైలెట్ అనే తోటి రోగిని అక్కడికి రప్పిస్తుంది. వైలెట్ ప్రాణం పోతుంది. సాయర్ పక్షాన ఉన్న నాకు అక్కడ ఊపిరాడలేదు. నిజం చెబుతున్న మనిషి మంచిదై కూడా ఉండాలని సినిమా పట్టుబట్టలేదు. ఆమెను నమ్మడానికి ఆమె మనకు నచ్చాలా అన్నది దర్శకుడు వేసిన అసలు ప్రశ్న అని నేను అనుకుంటున్నాను. సగంలో అనుమానం తీసేయకపోతే ఆ ప్రశ్న దాకా వచ్చేవాళ్లమే కాదు.