వ్రత కథ తమిళ అక్షరాల్లో రాసుకుని చదివితే తప్పా?

హోసూరు పిల్ల:
మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, పక్కింటి గౌడమ్మతో కన్నడం. అక్క తెలుగు బడిలోనే చదివింది. నేను ఒకటో తరగతిలో చేరిన 2006లోనే తమిళం తప్పనిసరని చట్టమొచ్చె. ఎట్టాగూ తప్పదని నాయన నన్ను తమిళ మీడియంలో వేసినాడు. ఇది కూడా ఫోనుకు చెప్పి రాయిస్తా ఉండా, తప్పులుంటే ఏమనుకోవద్దండి.

బడిలో ‘గొల్టి’ అనేవాళ్ళు. పెళ్ళయి నెల్లూరికొస్తే ‘అరవ కోడలు’ అయినా. పోయిన శ్రావణంలో పేరంటాళ్ళ ముందు వరలక్ష్మి కథ నన్ను చదవమన్నారు. ముందురోజు రాత్రి మా ఆయన చదువుతుంటే తమిళ అక్షరాల్లో రాసుకున్నా. తమిళంలో క, గ ఒకటే అక్షరం గదా, చారుమతి ఊరు కుండినాన్ని ‘గుండినం’ చేసేసినా. నవ్వినారు, సరే. అత్తమ్మ నా కాగితం పక్కన పెట్టి, పుస్తకం ఆడబిడ్డ చేతికిచ్చింది. నేను అక్షింతలు పట్టుకోని అట్టే కూచున్నా.

శ్రావణానికి రెండు నెల్లుంది. అంతలో చదవను నేర్చుకోవచ్చునా?

బళ్ళారి వదిన:
కన్నడ బోర్డులు చదువుతావా? అయితే సగం పని అయినట్టే. నాదీ కన్నడ మీడియమే. 1953లో బళ్ళారి మైసూరుకు పోయి రాయదుర్గం ఆంధ్రలో పడేసరికి మా అవ్వకు పుట్టిల్లొక రాష్ట్రం, మెట్టినిల్లొక రాష్ట్రం. ఆమె ఉత్తరాలు చదవాలనే తెలుగు పట్టినా. తలకట్టు అలవాటు చేసుకో, క, చ, త, శ విడిగా దిద్దు. మిగతావి చాలావరకు చూస్తేనే తెలుస్తాయి.

తెలుగు మాస్టారు:
సొంత భాష చదవడం రాకపోతే అది పెంపకంలో లోపమే. మీ అమ్మగారైనా నేర్పాల్సింది.

హోసూరు పిల్ల:
సార్, మా అమ్మది వేలిముద్ర. ఆ కథంతా నోటికి చెప్తాది.

పెన్నా ఒడ్డు:
మాస్టారూ, మనం ఇంకొకర్ని ‘అరవ’ అనడమేంది? తడ, సూళ్ళూరుపేట వైపు ఎన్ని ఇళ్ళల్లో తమిళం మాట్లాడరు? అమ్మాయ్, ముందు మీ అమ్మకు ఫోన్ చేసి కథ చెప్పించుకో. నోటికొచ్చిన కథైతే అక్షరాలు తొందరగా పట్టుబడతాయి.

హోసూరు పిల్ల:
చేసినా అక్కా. అమ్మ కథలో కుండినమే లేదు, ‘ఒగానొక ఊర్లో’ అంటాది. వదినా, బస్సుల మీది కన్నడం చదువుతా. రేపట్నుంచి తలకట్లు దిద్దుతా.