వాస్ప్స్ రగ్బీ క్లబ్: రెండుసార్లు యూరప్ విజేతగా నిలిచిన జట్టు దివాలా దాకా ఎలా వచ్చింది?

పక్కగీత (ప్రశ్న)

నమస్కారం. ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ క్లబ్బుల చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. అందులో వాస్ప్స్ సంగతి మాత్రం ఎంత చదివినా కొరుకుడు పడడం లేదు. 1867లో పుట్టిన క్లబ్ అది. ఆరుసార్లు ఇంగ్లండ్ విజేతగా, 2004లోనూ 2007లోనూ యూరప్ విజేతగా నిలిచింది. అటువంటి క్లబ్ 2022 అక్టోబరు 17న అడ్మినిస్ట్రేటర్ల (అప్పులు తీర్చలేని సంస్థ పగ్గాలు చేపట్టే దివాలా నిర్వాహకుల) చేతికి వెళ్లింది. ఆటగాళ్లు, సిబ్బంది కలిపి 167 మంది ఆ రోజే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కోవిడ్ ముంచిందని కొందరంటే, లండన్ వైపు నుంచి కోవెంట్రీ నగరానికి తరలిపోవడమే ముంచిందని మరికొందరు రాస్తున్నారు. కోవిడ్ అన్ని క్లబ్బులకూ వచ్చింది కదా, మరి ఈ క్లబ్బే ఎందుకు కూలింది? ఆటలో అన్ని కప్పులు గెలిచిన జట్టు దగ్గర డబ్బు ఎందుకు నిలవలేదు? చరిత్ర తెలిసినవారు మొదటి నుంచీ వివరంగా రాస్తే సంతోషిస్తాను.

పాతపుటలు

పక్కగీత గారికి, ఈ క్లబ్ చరిత్రను మైదానాల చరిత్రగా చదివితే మీ రెండు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరుకుతుందని నా అభిప్రాయం. గెలిచిన కప్పుల జాబితా చూస్తే ఈ పతనం అర్థం కాదు. ఆ జట్టు ఏ ఏడాది ఎవరి మైదానంలో ఆడిందో వరసగా చూస్తే అర్థమవుతుంది.

హాంప్‌స్టెడ్ ఫుట్‌బాల్ క్లబ్ రెండుగా చీలినప్పుడు ఒక వర్గం హార్లెక్విన్స్ అయింది. రెండో వర్గం 1867లో ఉత్తర లండన్‌లోని ఈటన్ అండ్ మిడిల్‌సెక్స్ టావెర్న్‌లో సమావేశమై వాస్ప్స్‌గా ఏర్పడింది. విక్టోరియా రాణి కాలంలో క్లబ్బులకు పురుగుల పేర్లు, పక్షుల పేర్లు పెట్టుకోవడం వాడుకే కాబట్టి కందిరీగ పేరు ఎవరికీ వింతగా తోచలేదు. 1871 జనవరి 26న లండన్‌లోని పాల్ మాల్ రెస్టారెంట్‌లో 21 క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించారు. పిలుపు అందినా వాస్ప్స్ ప్రతినిధి మాత్రం అక్కడికి చేరలేదు. తేదీ పొరబడ్డాడని ఒక కథ ఉంది. అదే పేరున్న మరో చోటికి వెళ్లి, అక్కడ తాగి లేవలేకపోయాడని ఇంకో కథ ఉంది. కథ ఏదైనా, వ్యవస్థాపక క్లబ్బుల జాబితాలో వాస్ప్స్ పేరు లేదు.

సొంత గడ్డ అని చెప్పుకోవడానికి వారికి 1923లో వెంబ్లీ దగ్గరి సడ్‌బరీ దొరికింది. ఆ తరువాత ఏడు దశాబ్దాలు క్లబ్ అక్కడే స్థిరపడింది. 1989-90లో తొలిసారి లీగ్ గెలిచింది కూడా సడ్‌బరీ జట్టుగానే.

అసలు మలుపు 1995 ఆగస్టులో వచ్చింది. రగ్బీ యూనియన్‌లో ఆటగాళ్లకు జీతాలు ఇవ్వవచ్చునని అంతర్జాతీయ బోర్డు పారిస్‌లో ప్రకటించింది. ఇంగ్లండ్ యూనియన్ ఒక సీజన్ పాటు ఆగమని చెప్పిందే గాని, డబ్బున్నవారు ఆగలేదు. న్యూకాసిల్‌లో సర్ జాన్ హాల్ క్లబ్ కొని, వాస్ప్స్ ఫ్లై-హాఫ్ రాబ్ ఆండ్రూను ముందుగా తీసుకెళ్లాడు. డీన్ రయాన్, స్టీవ్ బేట్స్ ఆయన వెంట వెళ్లారు. ఇరవై మూడేళ్ల లారెన్స్ డలాలియో కెప్టెన్ అయ్యాడు. మరుసటి ఏడాది సంగీత వ్యాపారంలో పేరున్న క్రిస్ రైట్ వాస్ప్స్‌ను, క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్‌ను ఒకే కంపెనీ కిందికి తెచ్చి, రగ్బీ జట్టును లాఫ్టస్ రోడ్ ఫుట్‌బాల్ మైదానానికి మార్చాడు. అమెచ్యూర్ విభాగం వేరే సంస్థగా విడిపోయి యాక్టన్‌లోని ట్వైఫర్డ్ అవెన్యూకు చేరింది. సడ్‌బరీ స్థలం ఇళ్ల నిర్మాణానికి అమ్ముడుపోయింది.

ఆ మొదటి ప్రొఫెషనల్ సీజన్‌లోనే, అంటే 1996-97లో, వాస్ప్స్ లీగ్ గెలిచింది. అందువల్ల సడ్‌బరీని వదులుకోవడంలో ఉన్న నష్టం ఎవరి కంటా పడలేదు. 2001లో రేంజర్స్ క్లబ్బే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. 2002లో ఫుల్హమ్ ఫుట్‌బాల్ క్లబ్ లాఫ్టస్ రోడ్‌కు అద్దెకు రావడంతో వాస్ప్స్ అక్కడి నుంచి లేచి హై వికమ్‌లోని ఆడమ్స్ పార్క్‌కు వెళ్లింది. అదీ ఫుట్‌బాల్ మైదానమే, పదివేల మంది పడతారు. 1999లో పెట్టుకున్న ‘లండన్ వాస్ప్స్’ అనే పేరుతోనే, లండన్ బయట ఆడుతూ, యూరప్ విజేత అయింది.

బ్లైండ్‌సైడ్

పాతపుటలు గారు మైదానాల గురించి చెప్పినదంతా నిజమే. అయితే 2003 నుంచి 2008 దాకా ఆ జట్టు ఆడిన ఆటను ఒక వాక్యంలో దాటేయడం అన్యాయం. ఆ ఆరేళ్లు తెలిస్తేనే తరువాత జరిగినదాని బరువు తెలుస్తుంది.

కోచ్ వారెన్ గాట్లాండ్, డిఫెన్స్ కోచ్ షాన్ ఎడ్వర్డ్స్ కలిసి తయారు చేసిన జట్టు అది. ఎడ్వర్డ్స్ రగ్బీ లీగ్ అనే, 13 మంది ఆడే మరో రకం రగ్బీ నుంచి వచ్చినవాడు. బంతి ప్రత్యర్థి చేతికి అందీ అందకముందే వరస మొత్తం ఒక్కసారిగా ముందుకు దూసుకెళ్లి ఆలోచించే సమయం లేకుండా చేయడం ఆయన పద్ధతి. దానికి కావలసిన శారీరక దారుఢ్యం సీజన్ చివరికి పతాకస్థాయికి చేరేలా శిక్షణ సాగేది. 2003లో ఇంగ్లండ్ లీగ్ ప్లేఆఫ్ పద్ధతికి (పట్టికలో పైనున్న జట్లు చివర్లో మళ్లీ ఆడి విజేతను తేల్చుకోవడం) మారినప్పుడు దీని ఫలితం కనబడింది. గ్లోస్టర్ 15 పాయింట్ల ఆధిక్యంతో పట్టికలో మొదటి స్థానం సాధించి, నేరుగా ఫైనల్‌కు చేరి, వారాల తరబడి మ్యాచ్ లేకుండా కూర్చుంది. సెమీఫైనల్ ఆడి వచ్చిన వాస్ప్స్ 39-3తో ఆ జట్టును చిత్తు చేసింది. గ్లోస్టర్‌కు అప్పటి కోచ్ నైజెల్ మెల్విల్, వాస్ప్స్‌కు 1997లో కప్పు తెచ్చిపెట్టినవాడే. 2003, 2004, 2005, 2008 సంవత్సరాల్లో వాస్ప్స్ లీగ్ గెలిచింది; ఆ నాలుగుసార్లలో ఒక్కసారి కూడా పట్టికలో మొదటి స్థానంలో లేదు. ఇది న్యాయమా అని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. నియమం అందరికీ ఒకటే కాబట్టి, దానికి తగ్గట్టు సిద్ధపడినవారిదే గెలుపు అంటాను నేను.

2004 మే 23న ట్వికెన్‌హామ్‌లో టులూజ్‌తో యూరప్ ఫైనల్ 20-20 దగ్గర అదనపు సమయం వైపు సాగుతోంది. వాస్ప్స్ స్క్రమ్-హాఫ్ రాబ్ హౌలీ ఎడమ టచ్‌లైన్ (మైదానం అంచు గీత) వెంట బంతిని ముందుకు తన్నాడు. టులూజ్ ఫుల్‌బ్యాక్ క్లెమెంట్ ప్వాత్రెనో దానికి అందుబాటులోనే ఉన్నాడు. కాని బంతి తనంతట దొర్లుకుంటూ బయటికి పోతుందని అనుకుని దాని మీద పడకుండా ఒక్క క్షణం ఆగాడు. రగ్బీ బంతి ఎటు ఎగురుతుందో ఎవరు చెప్పగలరు? అది లోపలే నిలిచింది. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన హౌలీ దూకి దాన్ని గోల్‌గీత అవతల నేలకు అదిమి ట్రై సాధించాడు. స్కోరు 27-20. ఆ తరువాత వారం తిరగకముందే అదే మైదానంలో బాత్ జట్టును 10-6తో ఓడించి లీగ్ కూడా గెలిచారు.

2007 ఫైనల్‌లో లెస్టర్ మీద వచ్చిన రెండు ట్రైలూ లైనౌట్ (బయటికి పోయిన బంతిని మళ్లీ ఆటలోకి విసిరే పద్ధతి) ముందు వరసలో వేసిన ఎత్తుల ఫలితమే. ఒకటి ఓయిన్ రెడన్‌ది, మరొకటి రాఫేల్ ఇబానేజ్‌ది. స్కోరు 25-9. 2008లో మళ్లీ లెస్టర్‌నే 26-16తో ఓడించడం డలాలియోకు చివరి మ్యాచ్ అయింది. క్లబ్ గెలిచిన చివరి పెద్ద కప్పు కూడా అదే.

పక్కగీత

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రేక్షకులను అంతగా ఆకట్టుకునే జట్టు ఉన్నప్పుడు వికమ్‌లోనే పెద్ద మైదానం ఎందుకు కట్టుకోలేదు? 2014లో కోవెంట్రీ దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చింది?

జమాఖర్చు

కట్టుకోవాలని చూశారు, సాగలేదు. అప్పటి యజమాని స్టీవ్ హేస్‌కు వాస్ప్స్, వికమ్ వాండరర్స్ ఫుట్‌బాల్ క్లబ్ రెండూ ఉండేవి. రెండింటికీ కలిపి బుకర్ విమానాశ్రయం దగ్గర కొత్త స్టేడియం కట్టాలనుకున్నాడు. స్థానిక కౌన్సిల్ 2011లో ఆ పథకాన్ని విరమించుకుంది. దానితో ఆయన క్లబ్‌ను అమ్మకానికి పెట్టాడు. 2012 మేలో సీజన్ చివరి మ్యాచ్‌లో న్యూకాసిల్ చేతిలో 10-14తో ఓడినా, ఒక్క పాయింట్ తేడాతో కింది డివిజన్‌కు పడిపోకుండా బయటపడ్డారు. ఆనాడు పడిపోయి ఉంటే క్లబ్ అప్పుడే మూతపడేదని అనుకునేవారిలో నేనూ ఒకడిని. 2013లో డెరెక్ రిచర్డ్‌సన్ కొన్నాడు.

ఆయన ముందున్న లెక్క ఇది. అద్దె మైదానంలో టికెట్ల డబ్బు కొంత వస్తుంది గాని, ఆహారపానీయాలు, సమావేశ మందిరాలు, మ్యాచ్ లేని రోజుల ఆదాయం చాలావరకు మైదానం సొంతదారుడికే పోతాయి. జీతాలు మాత్రం ఏటా పెరుగుతాయి. అప్పుడే కోవెంట్రీలో 32,000 పైచిలుకు సీట్లున్న రికో అరీనా చిక్కుల్లో ఉంది. సిటీ కౌన్సిల్, ఒక ధర్మనిధి చెరిసగం వాటాలతో దాన్ని నడుపుతున్నాయి. కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ యజమానులకూ వీరికీ అద్దె గొడవ ముదిరి, ఆ ఫుట్‌బాల్ జట్టు ఒక సీజన్ నార్తాంప్టన్ వెళ్లి ఆడింది. 2014 శరదృతువులో వాస్ప్స్ ఆ వాటాలు రెండూ కొని, స్టేడియం మీద 250 ఏళ్ల లీజు సంపాదించింది. పేరులోంచి ‘లండన్’ ఆ ఏడాదే తీసేశారు. డిసెంబరు 21న లండన్ ఐరిష్‌తో ఆడిన తొలి మ్యాచ్‌కు 28,254 మంది వచ్చారు.

కొనుగోలు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్టేడియం మీద కౌన్సిల్‌కు ఉన్న అప్పు తీర్చడానికి, ఇతర ఖర్చులకు 2015లో స్టాక్ ఎక్స్చేంజి ద్వారా 3.5 కోట్ల పౌండ్ల బాండ్లు అమ్మారు. వడ్డీ ఏటా 6.5 శాతం, అసలు 2022 మేలో ఒక్కసారే తిరిగి ఇవ్వాలి. కొన్నవారిలో అభిమానులూ ఉన్నారు. వడ్డీకే ఏటా 22 లక్షల పౌండ్ల పైన కావాలి. ఇల్లు కట్టుకోవడానికి తెచ్చిన అప్పు ఇంటి అద్దెను మించిపోయిందన్నమాట.

ఇక కోవిడ్ అందరికీ వచ్చిందన్న మీ మాటకు వద్దాం. ప్రేక్షకులు లేక టికెట్ల ఆదాయం పోవడం అందరికీ జరిగింది. వాస్ప్స్‌కు అదనంగా ప్రదర్శనశాల, హోటల్, సమావేశాలు అన్నీ మూతపడ్డాయి. పైగా 2019 నుంచి రెండేళ్లు ఫుట్‌బాల్ క్లబ్ బర్మింగ్‌హామ్‌లో ఆడినందువల్ల ఆ అద్దె కూడా లేదు. ఆదాయానికి ఆధారమని కొన్న స్టేడియమే భారమైంది. 2022 మేలో బాండ్లు తీర్చలేకపోయారు. పన్నుల శాఖకు చెల్లించవలసిన సుమారు 20 లక్షల పౌండ్ల బకాయి మీద నోటీసు రావడంతో సెప్టెంబరులో చివరి అంకం మొదలైంది.

వెనుకవరుస

జమాఖర్చు గారి లెక్కతో పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. తప్పంతా కోవెంట్రీ మీదికి నెట్టడం అభిమానులకు తేలిక. అయితే వాస్ప్స్‌కు మూడు వారాల ముందు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లిన వూస్టర్ వారియర్స్ ఎక్కడికీ తరలిపోలేదు, తమ ఊళ్లోనే సిక్స్‌వేస్ మైదానంలో ఆడింది. 2023 జూన్‌లో లీగ్ నుంచి సస్పెండై కూలిన లండన్ ఐరిష్ బ్రెంట్‌ఫర్డ్‌లో అద్దెకు ఉంది. అంటే సొంత మైదానమున్న క్లబ్, అద్దె క్లబ్, అప్పు చేసి మైదానం కొన్న క్లబ్, మూడూ తొమ్మిది నెలల వ్యవధిలో పడిపోయాయి. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: రాబడికి మించిన జీతాలు ఇచ్చి, ఆ లోటును యజమాని జేబులోంచి పూడ్చుకునే అలవాటు. లీగ్‌లో 27 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థ 20 కోట్ల పౌండ్లకు పైగా ఇచ్చి కొన్నప్పుడు వచ్చిన డబ్బు కూడా ఆ లోటులోకే జారిపోయింది. ఒక్కో క్లబ్ ఏడాదికి ఇవ్వగల జీతాల పరిమితిని 50 లక్షల పౌండ్లకు దించింది కోవిడ్ తరువాతే.

మరో సంగతి. 2017లో వాస్ప్స్ పట్టికలో మొదటి స్థానం సాధించి, ఫైనల్లో అదనపు సమయంలో 23-20తో ఓడింది. 2020లో ఖాళీ ట్వికెన్‌హామ్‌లో మళ్లీ ఫైనల్ ఆడి 19-13తో ఓడింది. రెండుసార్లూ గెలిచింది ఎక్సెటర్. 2010లో కింది డివిజన్ నుంచి పైకి వచ్చిన ఆ క్లబ్ అంతకు నాలుగేళ్ల ముందే సొంత స్థలంలో శాండీ పార్క్ కట్టుకుని, సమావేశ మందిరాల ఆదాయంతో నిలదొక్కుకుని, తరువాతే పెద్ద ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టింది. వాస్ప్స్ ఆ క్రమాన్ని తలకిందులుగా నడిపింది.

పాతపుటలు

వెనుకవరుస గారు చెప్పిన ఎక్సెటర్ ఉదాహరణ నా వాదనకే బలం చేకూరుస్తుందని అనుకుంటున్నాను. జీతాల జబ్బు అందరిదీ, ఒప్పుకుంటాను. కాని గెలుస్తున్న రోజుల్లో ఆ గెలుపును ఆదాయంగా మార్చుకునే చోటు వాస్ప్స్‌కు లేకపోయింది. చోటు దొరికే నాటికి కప్పులు లేవు, పాత లండన్ అభిమానులు 150 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయారు.

పక్కగీత గారు అడగకపోయినా తరువాతి సంగతి కూడా చెబుతాను. 2022 నవంబరులో కోవెంట్రీ స్టేడియంను మైక్ ఆష్లీకి చెందిన ఫ్రేజర్స్ గ్రూప్ కొన్నది. వాస్ప్స్ పేరు కొన్నవారికి 2023-24లో రెండో డివిజన్‌లో ఆడే అనుమతి ఇచ్చిన యూనియన్, షరతులు నెరవేరకపోవడంతో 2023 మేలో దాన్ని రద్దు చేసి, మళ్లీ మొదలుపెట్టదలిస్తే అట్టడుగు మెట్టు నుంచే రమ్మంది. కొత్త యజమానులు ఆ తరువాత కెంట్‌లో స్టేడియం కట్టే ఆలోచన ప్రకటించారు. 1990లలో విడిపోయిన అమెచ్యూర్ వాస్ప్స్ మాత్రం యాక్టన్‌లో తన మానాన తాను ఆడుతూనే ఉంది.