బొగ్గుల మీద స్టేక్, వంజరం: ఇంట్లో కొట్టిన పొడి మసాలా, కొలతలు, సెగ

ఎంవీపీ_సెగ:
మన విశాఖలో డాబా మీద బొగ్గుల గ్రిల్ పెట్టి స్టేక్ (మందంగా కోసిన మాంసం, చేప ముక్క) కాల్చుకునేవాళ్ల కోసం మొదలుపెడుతున్నాను. నేను వాడే పొడి కొలత ఇదీ, రెండున్నర కిలోల మాంసానికి సరిపోతుంది. మిరియాలు 15 గ్రాములు, ధనియాలు 10, జీలకర్ర 5, బ్యాడిగి మిర్చి పొడి 12, ఎండబెట్టి కొట్టిన వెల్లుల్లి పొడి 6, ఉల్లి పొడి 5, ఆవపొడి 3. ధనియాలు, జీలకర్ర వాసన తగిలేదాకా మాత్రమే వేయించాలి. రంగు మారేదాకా వేయిస్తే నిప్పు మీద రెండోసారి వేగి చేదెక్కుతాయి. మిరియాలు అసలు వేయించను. మిక్సీలో ఒక్కో పల్స్ ఇస్తూ రవ్వలా ఆపాలి. మెత్తని పొడైతే ముందు అదే మాడుతుంది.

మిర్చి విషయంలో ఒక మాట. మన ఇళ్లలో ఉండే తేజా కారం 12 గ్రాములు వేస్తే మాంసం రుచి తెలియదు. రంగు కావాలి, ఘాటు తక్కువుండాలి. బ్యాడిగి గానీ, వరంగల్ చపాటా గానీ తీసుకోండి. ఘాటు తప్పదనుకుంటే గుంటూరు సన్నం 3 గ్రాములు, బ్యాడిగి 9.

ఉప్పు ఇందులో కలపలేదని గమనించండి. కావాలనే కలపలేదు. మార్పులు, చేర్పులు ఉంటే రాయండి.

పెందుర్తి_వంట:
ఉప్పు వేరుగా పెట్టడమే ఇందులో అన్నిటికన్నా పెద్ద విషయం. పొడిలో ఉప్పు కలిపేస్తే రెండూ ఒకే టైముకి పడతాయి. ఉప్పుకి టైము కావాలి, మసాలాకి అక్కర్లేదు. రెండోది, కారం ఎక్కువ కావాలని పొడి ఇంకొంచెం రాస్తే ఉప్పు కూడా పెరిగిపోతుంది.

కిలో మాంసానికి ఉప్పు 12 గ్రాములు. చెంచాతో కాదు, తూకంతో. కల్లుప్పు చెంచాడు, మెత్తటి ఉప్పు చెంచాడు ఒకే బరువు ఉండవు. చల్లిన పది నిమిషాలకి ముక్క పైన నీళ్లు చేరతాయి. ఆ టైములో నిప్పు మీద పెట్టకూడదు, నీళ్లు ఆవిరయ్యేదాకా ముక్క కాలదు, ఉడుకుతుంది. 40 నిమిషాలు దాటాక ఆ ఉప్పునీరే మళ్లీ కండలోకి ఇంకుతుంది. తీరిక ఉంటే ముందురోజు రాత్రే ఉప్పు పట్టించి, ఫ్రిజ్‌లో కమ్మీల స్టాండు మీద మూత లేకుండా ఉంచండి. పొద్దునకి పైతోలు ఆరి, ముట్టుకుంటే చేతికి తడి అంటదు. అలాంటి ముక్కకే రంగు బాగా వస్తుంది. టైము లేదా? పెట్టే నిమిషంలో ఉప్పు వేసి వెంటనే కాల్చేయండి. మధ్యస్తంగా 10–30 నిమిషాలు మాత్రం వద్దు.

మసాలా పొడి కిలోకి 20–25 గ్రాములు, కాల్చడానికి పావుగంట ముందు. ముందు పల్చగా వేరుశనగ నూనె రాసి, తర్వాత పొడి చల్లి అరచేత్తో అద్దాలి. రుద్దితే ఉండలు కడుతుంది.

గోపాలపట్నం_రుచులు:
ఇంగ్లీషు వంటకాల్లో బ్రౌన్ షుగర్ అంటారు కదండీ, దానికి బదులు బెల్లం పొడి వేయొచ్చా? ఎంత?

భీమిలి_బొగ్గులు:
వేయొచ్చు, కానీ ముక్క మందం చూసి. తీపి 160–170 డిగ్రీల దగ్గర పాకం రంగు తిరుగుతుంది, ఇంకా పైకి పోతే మాడి చేదు. ఎర్రటి బొగ్గుల పైన కమ్మీ అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. నాలుగు సెంటీమీటర్ల మందం ముక్కని పక్క సెగ మీద నెమ్మదిగా కాల్చేటట్టయితే పై కొలతకి 8 గ్రాములు కలపండి. రెండు సెంటీమీటర్ల పల్చటి ముక్క నేరుగా నిప్పు మీద పెడితే బెల్లం వద్దు.

పెందుర్తి_వంట:
నేనైతే మందం ముక్కకి కూడా వద్దంటాను. బెల్లం మన ఊరి గాలికి చెమ్మ పీల్చి పొడిని ముద్ద చేస్తుంది. తీపి కావాలంటే ఉల్లి పొడిలో ఉన్నది చాలు.

భీమిలి_బొగ్గులు:
చెమ్మ మాట నిజమే. అందుకే సీసాలో ముందే కలపకండి, వాడే రోజు కలపండి. చికెన్ తొడలకీ, పక్కటెముకలకీ బెల్లం లేకపోతే ఆ మెరుపు రాదు, అక్కడ నేను వదులుకోను.

సీతమ్మధార_కాఫీ:
గేదె మాంసానికి ఈ పొడిలో కాఫీ కలిపి చూడండి. 56 గ్రాముల పొడికి 5 గ్రాములు. అరకు అరబికా గింజలు దొరుకుతున్నాయి కాబట్టి అవి మెత్తగా కొట్టించండి. చికోరీ కలిసిన ఫిల్టర్ పొడి పనికిరాదు, చికోరీలో తీపి ఉంటుంది, త్వరగా మాడుతుంది. ఇన్‌స్టంట్ కాఫీ కూడా వద్దు, తడి తగలగానే కరిగి బంకలా అవుతుంది. కాఫీ రుచి విడిగా తెలియదు, మిరియాల ఘాటు వెనకాల కాల్చిన వాసన ఒకటి నిలుస్తుంది. ఏజెన్సీ మిరియాలు కూడా కాఫీ తోటల్లో చెట్లకి పాకించినవే, రెండూ జతగా బాగుంటాయి. చేపకి మాత్రం కాఫీ వేయకండి.

గాజువాక_కత్తి:
పొడి ఎంత బాగున్నా ముక్క సరైనది కాకపోతే ఏం లాభం? గేదె మాంసంలో కండ మధ్య కొవ్వు చారలు తక్కువ, అందుకే ఎక్కువ కాలితే తోలులా సాగుతుంది. కొట్లో అండర్‌కట్ అని అడగండి, వెన్నెముక లోపలి పక్క ఉండే సన్నటి పొడుగు కండ. గేదె మొత్తంలో అది రెండే ఉంటాయి, ముందే చెప్పి ఉంచాలి. తొడ కండ స్టేక్‌కి రాదు, కీమాకో కూరకో పోనివ్వండి. అండర్‌కట్‌ని నారకి అడ్డంగా మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల మందాన కోయించండి. మనవాళ్లకి పల్చగా కోయడం అలవాటు, వేలు పెట్టి చూపించి మరీ చెప్పండి.

కోసిన రోజే కాల్చకండి. కండ బిగుసుకుని ఉంటుంది. ఫ్రిజ్‌లో 0–4 డిగ్రీల మధ్య రెండు రోజులు ఉంచితే వదులవుతుంది. పచ్చి బొప్పాయి ముద్ద రాసేవాళ్లు అరకిలోకి ఒక టీస్పూను, గంటకి మించకుండా, తర్వాత పూర్తిగా తుడిచెయ్యాలి. ఎక్కువసేపు ఉంచితే పైపొర పిండిలా అవుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. అండర్‌కట్‌కి అయితే బొప్పాయి అక్కర్లేదు.

భీమిలి_బొగ్గులు:
నిప్పు గురించి. మనకి దొరికే సరుగుడు బొగ్గు మంచిదే, త్వరగా అంటుకుంటుంది, త్వరగా అయిపోతుంది కూడా. కొబ్బరి చిప్పల బొగ్గు ఆలస్యంగా అంటుకున్నా సెగ నిలుస్తుంది. నేను సగం సగం వేస్తాను. కిరోసిన్ పోయొద్దు, ఆ వాసన మాంసానికి పడుతుంది. అడుగున కన్నాలు కొట్టిన రేకు డబ్బాలో కింద కాగితాలు, పైన బొగ్గులు వేసి అంటిస్తే 20–25 నిమిషాల్లో పైబొగ్గు మీద కూడా తెల్లటి బూడిద పొర వస్తుంది. అప్పటిదాకా ముక్క జోలికి పోవద్దు. జీడిపిక్కల తొక్కు ఎక్కడైనా చవగ్గా దొరికినా నిప్పులో వేయకండి, ఆ తొక్కులోని నూనె పొగ కళ్లకీ గొంతుకీ మంట, తిండికి అంటకూడదు.

బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టండి, రెండో పక్క ఖాళీ. కమ్మీకి జానెడు కన్నా కొంచెం తక్కువ ఎత్తున అరచెయ్యి పెడితే రెండు మూడు సెకన్లకి మించి ఆగలేకపోతే అది పెద్ద సెగ. నాలుగైదు సెకన్లు ఆగగలిగితే మధ్యస్తం.

మందం ముక్కని ముందు ఖాళీ పక్కన పెట్టి మూత వేయండి. లోపలి వేడి 48–50 డిగ్రీలకి వచ్చాక బొగ్గుల పైకి తెచ్చి, ఒక్కో వైపు 60–90 సెకన్లు. థర్మామీటర్ సూదిని పైనుంచి కాదు, పక్కనుంచి ముక్క నడిమికి గుచ్చాలి. లోపల గులాబీ రంగులో రసంగా కావాలంటే 55 దగ్గర తీయాలి. దించాక కూడా రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు నారకి అడ్డంగా కోయండి.

గాజువాక_కత్తి:
55 అనేది మంచి చోట తెచ్చిన, చల్లగా ఉంచిన ముక్కకి. ఎండలో వేలాడదీసిన మాంసమైతే 63 డిగ్రీలు, ఆ తర్వాత మూడు నిమిషాలు పక్కన పెట్టడం మేలు. ఫోర్కుతో పొడిచిన ముక్కని కూడా తక్కువ కాల్చొద్దు, పైన ఉన్న క్రిములు లోపలికి వెళ్తాయి. పట్టకారుతోనే తిప్పండి.

లాసన్స్‌బే_గాలి:
బీచ్‌కి దగ్గర ఉన్న డాబాల మీద సాయంత్రం గాలి గట్టిగా ఉంటుంది. ఒక పక్క బొగ్గులు భగ్గుమని, ఇంకో పక్క చల్లారిపోతున్నాయి. ఏం చేయాలి?

భీమిలి_బొగ్గులు:
పిట్టగోడ చాటుకి జరపండి, నీళ్ల ట్యాంకు పక్కన అయితే ఇంకా మంచిది. గాలి వచ్చే వైపు గ్రిల్ అడుగున ఉండే గాలి కిటికీ మూసి, అవతలి వైపుది సగం తెరవండి. మూత ఉన్న గ్రిల్ అయితే మూత వేసే కాల్చండి. గాలి తగలకూడదని మూసిన బాల్కనీలోకి మాత్రం తీసుకురావద్దు. బొగ్గుల కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం మీదకొస్తుంది. ఉప్పుగాలికి కమ్మీలు వారంలో తుప్పు పడతాయి, వాడిన ప్రతిసారీ వేడి మీదే గీకి నూనె గుడ్డతో తుడవండి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకండి, బూడిద లేచి ముక్కకి అంటుతుంది. ముక్కని పక్కకి జరిపితే చాలు.

జాలరిపేట_వల:
ఇక చేపకి వద్దాం. మన ఊళ్లో స్టేక్ అంటే నాకు ముందు వంజరమే. హార్బర్‌లో మూడు కిలోలకి పైబడిన చేప చూసుకుని, నడిమి భాగం రెండున్నర సెంటీమీటర్ల మందాన అడ్డంగా కోయించండి. తోక వైపు ముక్కలు పులుసుకి. కన్ను ఉబ్బి మెరుస్తూ, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది, ఆ రోజుల్లో ఐస్‌లో ఎక్కువ రోజులున్న సరుకు తగులుతుంది, జాగ్రత్తగా చూడండి.

పై పొడి చేపకి బరువు. కిలో వంజరానికి ఇది: మిర్చి పొడి 8 గ్రాములు, మిరియాల పొడి 4, ధనియాల పొడి 5, వేయించిన జీలకర్ర 2, వెల్లుల్లి పొడి 3, పసుపు అర టీస్పూను, నలిపిన వాము అర టీస్పూను, బియ్యప్పిండి 5 గ్రాములు. ఈ పొడి మెత్తగానే ఉండాలి. బియ్యప్పిండి పైతడిని లాగేసుకుని పొర గట్టిగా నిలుపుతుంది. ఉప్పు 10 గ్రాములు, 15–20 నిమిషాల ముందు చాలు. తర్వాత పైకి వచ్చిన నీరు గుడ్డతో అద్దేసి పొడి పట్టించండి. నిమ్మకాయ ముందే పిండితే చేప పైపొర తెల్లబడి పొడిబారుతుంది. పులుపు పొడిలోనే కావాలంటే మామిడి ఒరుగులు కొట్టి 4 గ్రాములు కలపండి, ఆఖరి నిమిషంలో. కరివేపాకు పొడి నిప్పు మీద మాడి చేదవుతుంది, దించాక చల్లుకోండి.

మధ్యస్తానికి కొంచెం పైసెగలో మొదటి వైపు నాలుగు నిమిషాలు, రెండో వైపు మూడు. నడిమి ముల్లు పక్కన కండ గాజులా మెరవడం మానేసి తెల్లబడితే అయినట్టే. లోపల 63 డిగ్రీలు దాటనివ్వకండి, వంజరం త్వరగా ఎండిపోయే చేప.

గోపాలపట్నం_రుచులు:
చేప కమ్మీకి అతుక్కుని సగం అక్కడే ఉండిపోతే? అందరికీ ఇదే సమస్య అనుకుంటా.

జాలరిపేట_వల:
కారణాలు నాలుగే. కమ్మీకి పాత మాడు ఉండడం, కమ్మీ పూర్తిగా వేడెక్కకపోవడం, చేప తడిగా ఉండడం, తొందరపడి తిప్పడం. పది నిమిషాలు ఖాళీ కమ్మీని కాల్చి, గీకి, సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దండి. చేపకి కూడా నూనె రాయండి. మూడున్నర నిమిషాలకి అట్లకాడ అంచు దూర్చి చూడండి. లేవనంటే ఇంకో అరనిమిషం ఆగండి, పొర గట్టిపడగానే అదే వదులుతుంది. కొత్తవాళ్లు రెండు రేకుల చేపల జాలీ కొనుక్కుంటే హాయి.

ఇంకొకటి, వంజరం, ట్యూనా, కనగర్తల జాతి చేపలు వేడిలో వదిలేస్తే హిస్టమిన్ పుడుతుంది. ఎంత కాల్చినా అది పోదు. తిన్నాక మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. హార్బర్‌కి వెళ్లేటప్పుడే ఐస్ పెట్టె పట్టుకెళ్లండి, మసాలా పట్టించిన ముక్కల్ని కూడా డాబా మీద గంటలు గంటలు ఉంచకండి.

ఎంవీపీ_సెగ:
గ్యాస్ పొయ్యి మీద చేసేవాళ్లు ఇద్దరు మెసేజ్ పెట్టారు, ఇక్కడే చెప్పేస్తాను. ఇనుప పెనం మీద ఈ పొడి మొత్తం మాడుతుంది, ఎందుకంటే పొడి అంతా లోహానికి ఆనుకునే ఉంటుంది. అక్కడ ఉప్పు మాత్రమే వేసి కాల్చండి. ఆఖరి నిమిషంలో మంట తగ్గించి, వెన్నలో ఒక చెంచా పొడి కలిపి ముక్క మీద పోయండి.

వెల్లుల్లి పొడి గురించి కూడా అడిగారు. పల్చటి రేకులు కోసి 60–65 డిగ్రీల ఒవెన్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు. విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. మన ఎండకి పెట్టొచ్చు కానీ వర్షాకాలంలో బూజు పడుతుంది.

పెందుర్తి_వంట:
నిలవకి చిన్న గాజు సీసాలు, ఒక్కోదాంట్లో ఒకసారికి సరిపడా. పెద్ద సీసా తెరిచినప్పుడల్లా చెమ్మ చేరుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసినప్పుడు లోపల నీరు పడుతుంది, అలమారాలోనే ఉంచండి. నెలా రెండు నెలల్లో అయిపోయేంతే కొట్టుకోండి. చల్లేటప్పుడు సీసాలోంచి నేరుగా కాకుండా గిన్నెలోకి తీసుకుని చల్లండి, పచ్చి మాంసం తగిలిన చెయ్యి పడిన పొడి మిగిలితే పారేయాల్సిందే.