పొలం పని మానేసినవాళ్లంతా ఎటు వెళ్లారు? మీ ఊరి సంగతి చెప్పండి

గోదారి_గట్టు: మా దగ్గర వరికోత మిషన్ దిగితే గంటలో ఎకరం అయిపోతుంది. ఇదివరకు అదే ఎకరానికి పది పన్నెండు మంది, ఆపైన కుప్ప, నూర్పిడి. పొలం నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్నుంచి ఆఫీసుకి అని పుస్తకాల్లో చదువుకున్నాం. మా ఊరోళ్లు ఫ్యాక్టరీ గుమ్మం తొక్కిందే తక్కువ. తాపీ పనికి హైదరాబాద్ వెళ్లారు, ఆటోలు కొన్నారు, ఆడవాళ్లు కొందరు కువైట్ వెళ్లారు.

పాలమూరు_పోరడు: మాకు ఉల్టా అన్నా. నీళ్లొచ్చినంక వరి పెరిగింది, నాట్లకు మనుషుల్లేరు. బీహార్, బెంగాల్ బ్యాచులొచ్చి ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుంటున్నారు. మనోళ్లు పొద్దున్నే సిటీలో అడ్డా మీద.

ఎకనామిక్స్_సారు: 2018-19లో దేశంలో పనిచేసేవాళ్లలో 42.5 శాతం వ్యవసాయంలో ఉన్నారు. కరోనా ఏడాదికి 45.6 అయింది, 2023-24లోనూ 46.1. తయారీ రంగం 11-12 దగ్గరే ఆగింది. ఇంకో మెలిక ఉంది. సొంత పొలంలో జీతం లేకుండా చేసే ఆడవాళ్లూ ఈ లెక్కలో ఉపాధి ఉన్నవాళ్లే. పెరిగినదాంట్లో వాళ్లు చాలామంది. దీన్ని ఉద్యోగాలు పెరగడం అంటే నేనొప్పుకోను.

ఉల్సాన్_తెలుగోడు: కొరియాలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. 1963లో 63 శాతం మంది సాగు, చేపల వేట మీదే బతికారు. ఇప్పుడు 5 శాతం అటూఇటూ. ముందు విగ్గులు, బట్టలు ఎగుమతి చేశారు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే ఆ ఫ్యాక్టరీలు నడిపారు. ఓడలు, కార్లు ఆ తర్వాత. అయితే ఉద్యోగాల్లో తయారీ వాటా 1980ల చివర్లో 27 శాతం దాటి, ఇప్పుడు 16 దగ్గరికి దిగింది. పల్లెల్లో ముసలివాళ్లే మిగిలారు. పొలాల్లో వియత్నాం, కంబోడియా, నేపాల్ కూలీలు.

షిఫ్ట్_బస్సు: ఫ్యాక్టరీలు లేవనకండి, తడ, శ్రీసిటీ వైపు రండి. షిఫ్టు బస్సుల్నిండా అమ్మాయిలే. మా చెల్లి ఒక కంపెనీలో లైన్ మీద నిలబడి సెల్‌ఫోన్లు బిగించేది. పర్మనెంట్ చేస్తాం చేస్తాం అంటూనే కాంట్రాక్టు మీద సాగదీశారు. పెళ్లయ్యాక మానేసింది. ఇప్పుడు ఇంట్లోనే జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తోంది. సారూ, దాన్ని ఏ రంగంలో రాస్తారు?

ఎకనామిక్స్_సారు: తయారీలోనేనండీ. ఎంబ్రాయిడరీ ఆ కిందికే వస్తుంది, కాకపోతే స్వయం ఉపాధి అంటారు. సెల్‌ఫోన్లు బిగించినప్పుడూ తయారీయే కదా, కాబట్టి రంగాల లెక్కలో మీ చెల్లి కదల్లేదు. నెల జీతం, పీఎఫ్ పోయిన సంగతి వేరే పట్టికలో వెతకాలి.