మేనేజర్ "యాల్" అంటే నేనొక్కడినా, టీమంతానా?

ఆస్టిన్, కొత్త: అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి పన్నెండు రోజులైంది. మొన్న మేనేజర్ నా డెస్క్ దగ్గర ఆగి "కెన్ యాల్ ఫినిష్ దిస్ బై ఫ్రైడే?" అన్నాడు. టెన్షన్‌తో రాత్రి రెండింటిదాకా కూర్చుని మొత్తం ఒక్కడినే చేసేశాను. పొద్దున టీమ్‌లో ఇద్దరు మొహం మాడ్చుకున్నారు. నా తప్పేంటి?

డాలస్, 1998 నుంచి: తమ్ముడూ, యాల్ అంటే మీరంతా. ఒక్కడిని ఎప్పుడూ అనరు, రాసిపెట్టుకో. ఇది తెలియక నేను తిన్న దెబ్బ విను. అప్పట్లో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. లీజు రెన్యూవల్‌కి ఆఫీసావిడ ఫోన్ చేసి, నెలాఖరులోపు యాల్ వచ్చి సంతకం పెట్టాలంది. ఫోనెత్తింది నేను కదా, నన్నే అనుకుని వెళ్లాను. ఆవిడ సీట్లో లేదు. సంతకం పెట్టి కాగితం ట్రేలో పడేసి వచ్చా. ఒకటో తారీఖున తలుపుకి నోటీసు! మూడు సంతకాలు లేవు, లీజు చెల్లదు, ఇకనుంచి నెలనెలా పద్ధతి, అద్దె నూట ఎనభై డాలర్లు ఎక్కువ. వెళ్లి అడిగితే "ఆల్ యాల్" అంటూ నాలుగు వేళ్లు చూపించింది. రెండు నెలలు కట్టాం. ఒక రూమ్మేట్ ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే ఆ డబ్బు అడుగుతాడు. ఏ కాగితానికైనా కాపీ తీసుకో.

అట్లాంటా: ఎప్పుడూ అనరంటే ఒప్పుకోనన్నా. షాపుకి ఒక్కదాన్నే వెళ్లినా కౌంటర్లో పిల్ల "యాల్ కమ్ బ్యాక్" అంటుంది.

డాలస్: అది మీ ఇంట్లోవాళ్లనీ కలిపి చెల్లీ. ఒంటరివాడు కూడా "మా ఇల్లు" అనడా?

అట్లాంటా: మా ఆయన రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆ పిల్లకి ఆయన సంగతి ఎవరు చెప్పారు?

పిట్స్‌బర్గ్: ఇటొస్తే అదీ పనికిరాదు. పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి 1976 నాటిది, ఈసారి దర్శనానికొచ్చినప్పుడు బయట దుకాణాల్లో చెవులు రిక్కించండి. "యిన్జ్" అంటారు. "యూ వన్స్" అరిగి అలా అయింది. ఫిలడెల్ఫియాలో "యూజ్". ఈ రెండూ ఆఫీసు మెయిల్లో రాయకు బాబూ. "యూ గైస్" ఎక్కడైనా అర్థమవుతుంది, కానీ కొందరు ఆడవాళ్లకి నచ్చదు.

న్యూజెర్సీ, రిటైర్డ్: అసలు యూ అన్నదే బహువచనం. ఏకవచనం "దౌ" ఉండేది. మర్యాద కోసం ఒక్కరినీ యూ అనడం మొదలెట్టి, చివరికి దౌని వదిలేశారు. అంటే వాళ్లు పోగొట్టుకున్నది నువ్వు, మిగుల్చుకున్నది మీరు. కాబట్టి మేనేజర్‌ని యూ అనడానికి మొహమాటపడి ప్రతి వాక్యానికీ సార్ తగిలించొద్దు.

డాలస్: మీ జెర్సీలో వద్దేమో. టెక్సస్‌లో సార్, మ్యామ్ మామూలేనండీ.

ఆస్టిన్, కొత్త: పెద్దలందరికీ థాంక్స్. ఆ ఇద్దరితో ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.